మ్యూచువల్ ఫండ్‌కు ఎక్కువ ఫీజు కడితే ఎక్కువ వస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే ఆఫీసు మాది. జూన్, జూలైల్లో రిటర్నుల పని మీద వచ్చినవాళ్లు సంతకాలు అయ్యాక కుర్చీలోంచి లేవకుండా అడిగే ప్రశ్నలు ఇవి. విజయవాడ నుంచి ఫోన్‌లో అడిగినవి కూడా కొన్ని కలిపాను. మేం ఫండ్లు అమ్మం, కమీషన్ తీసుకోం. అందుకని జవాబులు కాస్త సూటిగానే ఉంటాయి.

యాక్టివ్ ఫండ్‌కీ, ఇండెక్స్ ఫండ్‌కీ అసలు తేడా ఏమిటి?

యాక్టివ్ ఫండ్‌లో ఏ షేరు కొనాలో, ఏది ఎప్పుడు అమ్మాలో ఫండ్ మేనేజరు, ఆయన టీమ్ నిర్ణయిస్తారు. ఇండెక్స్ ఫండ్‌లో ఆ ఆలోచన ఉండదు. నిఫ్టీ 50 అనే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ (ఇండెక్స్) ఉంది కదా, అందులో ఏ కంపెనీ వాటా ఎంత ఉంటే ఫండ్‌లోనూ అంతే కొంటారు. పని తక్కువ కాబట్టి ఫీజూ తక్కువ.

నా ఖాతాలోంచి ఫీజు అంటూ ఎప్పుడూ కట్ కాలేదు. మరి ఎక్కడ తీసుకుంటున్నారు?

అక్కడే ఉంది అసలు కథ. బ్యాంకు చార్జీలాగా మెసేజ్ రాదు, స్టేట్‌మెంట్‌లో మైనస్ వేసి చూపించరు. ఏడాది ఫీజును రోజువారీగా విడగొట్టి, ఆ రోజు ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) లెక్క కట్టేటప్పుడే లోపల తీసేస్తారు. మనకు కనిపించే ఎన్ఏవీ ఫీజు పోగా మిగిలినది. దీన్నే ఎక్స్‌పెన్స్ రేషియో అంటారు. 10 లక్షలు ఉన్న ఫండ్‌కు 1.8 శాతం ఫీజు అంటే ఏడాదికి 18 వేలు, రోజుకు దాదాపు 49 రూపాయలు. ఆదివారం, సంక్రాంతి సెలవు అని మినహాయింపు లేదు. అదే 18 వేలకు ఏటా చెక్కు రాసివ్వమంటే ఎంతమంది బేరం ఆడకుండా రాస్తారో నాకు అనుమానమే.

1.8 శాతమే కదండీ. దానికింత టెన్షన్ ఎందుకు?

మన ప్రాంతంలో ఈ ప్రశ్న రావడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ వడ్డీ అంటే నెల లెక్క. నూటికి రెండు రూపాయలు అంటే నెలకు రెండు. ఆ చెవితో వింటే ఏడాదికి 1.8 శాతం అంటే నూటికి 15 పైసల వడ్డీ. దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

కానీ ఇది లాభం మీద తీసుకునే 1.8 కాదు, మొత్తం సొమ్ము మీద తీసుకునేది. అసలు మీద, పెరిగిన దాని మీద, ఏటా. షేర్లు ఏడాదికి 12 శాతం ఇస్తాయనే అనుకోండి. ఆ 12లో 1.8 పోయిందంటే మీ రాబడిలో ఏడో వంతు దాకా పోయినట్టు. షేర్లు 6 శాతమే ఇచ్చిన ఏడాది దాదాపు మూడో వంతు పోతుంది.

20 ఏళ్లకు లెక్క వేద్దాం. 10 లక్షలు ఒకేసారి పెట్టారు. షేర్లు ఫీజుకు ముందు సగటున 12 శాతం ఇచ్చాయి. 0.2 శాతం తీసుకునే ఇండెక్స్ ఫండ్‌లో చివరికి సుమారు 93 లక్షలు అవుతుంది. 0.8 శాతం తీసుకునే యాక్టివ్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో (ఏజెంటు లేకుండా నేరుగా కొనేది) 83 లక్షల 60 వేలు. 1.8 శాతం తీసుకునే రెగ్యులర్ ప్లాన్‌లో (ఏజెంటు ద్వారా కొనేది) 70 లక్షలకు కొంచెం తక్కువ. మొదటి దానికీ చివరి దానికీ తేడా 23 లక్షలు. మూడింటిలోనూ షేర్ల రాబడి ఒకటేనని మర్చిపోకండి. మేనేజరు తెలివి ఆ 23 లక్షలను పూడ్చి, ఆ పైన ఇంకేమైనా తేవాలి. అప్పుడే ఫీజు గిట్టుబాటు అయినట్టు.

ఎంత పడితే అంత తీసుకోవచ్చా? ప్రభుత్వం ఆపదా?

షేర్ మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ హద్దు పెట్టింది. 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్లాబుల్లో ఈక్విటీ (షేర్లలో పెట్టే) ఫండ్‌కు మొదటి 500 కోట్ల మీద గరిష్ఠంగా 2.25 శాతం ఉండేది. ఫండ్ పెద్దదయ్యే కొద్దీ అది తగ్గుతూ 50,000 కోట్లు దాటిన భాగం మీద 1.05 శాతానికి దిగేది. ఇండెక్స్ ఫండ్లకు హద్దు 1 శాతం ఉండేది. ఈ హద్దుల్ని సెబీ అప్పుడప్పుడు సవరిస్తుంటుంది, కాబట్టి మీ ఫండ్ ఈరోజు ఎంత తీసుకుంటోందో కంపెనీ వెబ్‌సైట్‌లోనే చూడాలి. ఇండెక్స్ ఫండ్లు పోటీ వల్ల హద్దుకు చాలా కిందే ఉన్నాయి. చిన్న సైజు యాక్టివ్ ఫండ్లు మాత్రం హద్దుకు దగ్గరగానే తిరుగుతుంటాయి.

ఎక్కువ ఫీజు తీసుకునేవాళ్లు ఎక్కువ తెలివైనవాళ్లే అయి ఉంటారుగా? మంచి డాక్టరుకు ఫీజు ఎక్కువే కదా?

తెలివైనవాళ్లే, అందులో అనుమానం లేదు. చిక్కు ఏమిటంటే అవతల అమ్మేవాళ్లూ తెలివైనవాళ్లే.

అమెరికా ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లో దీన్ని కూడికలు, తీసివేతలతోనే తేల్చేశాడు. మార్కెట్‌లోని షేర్లన్నీ ఎవరో ఒకరి దగ్గర ఉండాల్సిందే. ఇండెక్స్ ప్రకారం కొన్నవాళ్లకు మార్కెట్ రాబడి వస్తుంది. అప్పుడు మిగిలినవాళ్లందరికీ, అంటే ఎంచి ఎంచి కొన్నవాళ్లందరికీ కలిపి సగటున వచ్చేదీ అదే మార్కెట్ రాబడి. ఒకరు దాటారంటే ఇంకొకరు వెనకబడ్డారు. ఆ సగటులోంచి ఎక్కువ ఫీజు తీసేస్తే, ఎంచి కొన్నవాళ్ల సగటు ఇండెక్స్ కన్నా కిందికి రాక తప్పదు.

మన దేశంలో దీనికి ఒక మెలిక ఉంది. యాక్టివ్ ఫండ్లన్నీ కలిసి గెలవాలంటే ఓడిపోయేవాళ్లు ఫండ్ల బయట ఉండాలి. టీవీలో టిప్పు విని కొనేవాళ్లు, ఫోన్‌లో యాప్ పెట్టుకుని పొద్దున కొని సాయంత్రం అమ్మేవాళ్లు. వాళ్లు ఎక్కువగా ఉన్నచోట మేనేజరుకు నిజంగానే చాన్స్ ఉంటుంది. పెద్ద కంపెనీల షేర్లలో ఆ చాన్స్ బాగా తగ్గింది. అక్కడ కొనేదీ అమ్మేదీ ఎక్కువగా విదేశీ సంస్థలు, ఎల్ఐసీ, ఫండ్ కంపెనీలే. ఎస్ అండ్ పీ సంస్థ మన ఫండ్ల మీద స్పైవా అనే పేరుతో ఇచ్చే రిపోర్టులు దీర్ఘకాలంలో లార్జ్ క్యాప్ (పెద్ద కంపెనీల) ఫండ్లలో సగానికి మించి ఇండెక్స్ కన్నా వెనకబడ్డాయని మళ్లీ మళ్లీ చెబుతున్నాయి.

2017 అక్టోబరులో సెబీ ఫండ్లను వర్గాలుగా విడగొట్టింది. అప్పటి నుంచి లార్జ్ క్యాప్ ఫండ్ తన సొమ్ములో కనీసం 80 శాతం మార్కెట్ విలువలో మొదటి 100 కంపెనీల్లోనే పెట్టాలి. అంతకుముందు పేరుకు లార్జ్ క్యాప్ అయినా మధ్యస్థాయి షేర్లు బాగానే కలిపి ఇండెక్స్‌ను దాటేవాళ్లు. ఆ దారి ఇరుకైంది. ఇప్పుడు కొన్ని లార్జ్ క్యాప్ ఫండ్ల పోర్ట్‌ఫోలియో (కొన్న షేర్ల జాబితా) నిఫ్టీ పక్కన పెట్టి చూడండి. మొదటి పది పేర్లలో ఎక్కువ భాగం ఒకటే ఉంటాయి. ఇండెక్స్ లాంటి సరుకుకు యాక్టివ్ ధర కట్టడం నాకు అర్థం కాని పని. లార్జ్ క్యాప్ వరకు నా జవాబు: ఆ ఫీజు దండగ.

మరి మిడ్ క్యాప్, స్మాల్ క్యాప్ ఫండ్లు?

ఇక్కడ అంత గట్టిగా చెప్పను. 101 నుంచి 250వ స్థానం వరకు ఉన్న కంపెనీలు మిడ్ క్యాప్, 251 నుంచి స్మాల్ క్యాప్. ఈ కంపెనీల గురించి రీసెర్చ్ చేసేవాళ్లు తక్కువ. లెక్కలు అనుమానంగా ఉన్న కంపెనీని వదిలేయడమే ఒక నైపుణ్యం. ఇండెక్స్‌కు ఆ వెసులుబాటు లేదు, జాబితాలో ఉంటే కొనాల్సిందే. చిన్న షేర్లలో ఇండెక్స్‌ను అచ్చంగా నకలు చేయడమూ ఖర్చుతో కూడిన పనే. అందుకే ఈ వర్గాల్లో యాక్టివ్ వైపు వాదనకు కొంత బలం ఉంది. ఫలితాలు మాత్రం ఒక కాలంలో ఉన్నట్టు ఇంకో కాలంలో ఉండవు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. స్మాల్ క్యాప్ ఫండ్ బాగా పనిచేసిందని తెలియగానే జనం ఎగబడతారు. ఇంత సొమ్ము చిన్న కంపెనీల్లో పెట్టడం కష్టమై కొన్ని ఫండ్లు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం ఆపేసిన సందర్భాలు ఉన్నాయి. పేరు తెచ్చిన ఫండ్ 500 కోట్లది. మీరు కొంటున్నది 20,000 కోట్లది. పేరు ఒకటే.

మా ఏజెంటు చూపించిన చార్టులో ఫండ్ ఇండెక్స్‌ను బాగా దాటింది. ఆ చార్టు అబద్ధమా?

అబద్ధం కాకపోవచ్చు. నాలుగు విషయాలు అడగండి.

ఒకటి, పోల్చింది ఏ ఇండెక్స్‌తో? మనం రోజూ టీవీలో చూసే నిఫ్టీ అంకెలో కంపెనీలిచ్చే డివిడెండు కలవదు. ఫండ్ ఎన్ఏవీలో కలుస్తుంది. ఏడాదికి ఒక శాతం పైచిలుకు ఉండే ఆ డివిడెండును ఒకవైపే లెక్కపెడితే ఫండ్ ఊరికే గెలిచినట్టు కనిపిస్తుంది. అందుకే 2018 ఫిబ్రవరి నుంచి డివిడెండు కలిపిన టోటల్ రిటర్న్ ఇండెక్స్‌తోనే పోల్చాలని సెబీ ఆదేశించింది. వాట్సాప్‌లో తిరిగే చార్టులకు ఆ ఆదేశం ఇంకా చేరినట్టు లేదు.

రెండు, ఎక్కడ మొదలుపెట్టారు? మార్కెట్ కుప్పకూలిన 2020 మార్చి నుంచి మొదలుపెట్టిన చార్టులో ప్రతి ఫండూ హీరోయే. మూడు, చార్టు డైరెక్ట్ ప్లాన్‌దా, మీకు అమ్మే రెగ్యులర్ ప్లాన్‌దా? నాలుగు, అదే కంపెనీ పదిహేనేళ్ల కిందట నడిపిన మిగతా ఫండ్లు ఏమయ్యాయి? సరిగా నడవని స్కీమును ఇంకోదాంట్లో కలిపేయడం మామూలే. కలిపాక దాని చరిత్ర జాబితాలో కనిపించదు. మిగిలినవి మాత్రమే చూసి సగటు చెబితే ఎప్పుడూ బాగానే ఉంటుంది.

ఫైవ్ స్టార్ రేటింగ్ ఉన్నదే కొంటే సరిపోదా?

స్టార్లు నిన్నటి పనికి వేసిన మార్కులు. ఫండ్లు ఇండెక్స్‌ను దాటవని కాదు, ఎప్పుడూ కొన్ని దాటుతూనే ఉంటాయి. ఏవి దాటుతాయో ముందే తెలియదు, అంతే. మేనేజరు ఉద్యోగం మారినా స్టార్లు కొన్నాళ్లు అలాగే ఉంటాయి.

రెగ్యులర్ ప్లాన్, డైరెక్ట్ ప్లాన్ అంటున్నారు. వీటికీ ఈ విషయానికీ సంబంధం ఏమిటి?

చాలా ఉంది. నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి కీలకం ఇదే. యాక్టివ్ ఫండ్ రెగ్యులర్ ప్లాన్‌లో మీరు కట్టేది ఒక ఫీజు కాదు, రెండు. ఒకటి షేర్లు ఎంచే మేనేజరుకు, ఫండ్ కంపెనీకి. రెండోది మీకు ఫండ్ అమ్మిన డిస్ట్రిబ్యూటరుకో, బ్యాంకుకో. డబ్బు ఫండ్‌లో ఉన్నన్నాళ్లూ రెండోది ఏటా వెళుతూనే ఉంటుంది. 2013 జనవరి 1 నుంచి డైరెక్ట్ ప్లాన్లు వచ్చాయి. అదే ఫండ్, అదే మేనేజరు, అవే షేర్లు. రెండో ఫీజు మాత్రం ఉండదు.

కిందటేడు ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు రిటర్ను కోసం కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ (అన్ని ఫండ్లూ కలిపి చూపించేది) తెచ్చారు. ఆరు నెలలకోసారి వచ్చే ఆ స్టేట్‌మెంట్‌లో డిస్ట్రిబ్యూటరుకు ఎంత కమీషన్ ఇచ్చారో స్కీము వారీగా రూపాయల్లో ఉంటుంది. చిన్న అక్షరాలు, ఎవరూ చదవరు. ఆవిడకు ఫండ్లలో 20 లక్షల చిల్లర ఉంది. నేను స్కేలు పెట్టి ఆ వరస చూపించాను. అన్నీ కూడితే ఆరు నెలలకు 9 వేలు దాటింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఇంకోసారి కూడారు. "వాడు మా అబ్బాయి క్లాస్‌మేటండీ. సంక్రాంతికి క్యాలెండర్ ఇచ్చి వెళతాడు, అంతే" అన్నారు.

అదే వారంలో పాతబస్టాండు వైపు నుంచి ఒక మిర్చి వ్యాపారి వచ్చారు. 2020 జనవరిలో 12,000 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. ఆ వారం ఆయన మొత్తం తీసేయడానికి ఫారం నింపి పెట్టుకున్నారట. డిస్ట్రిబ్యూటరు లాక్‌డౌన్‌లో రోజూ ఫోన్ చేసి ఆపాడట. ఆయన కట్టిన రెండో ఫీజు ఎన్నేళ్లదైనా ఆ ఒక్క నెలలో తీరిపోయింది.

కాబట్టి రెండు ఫీజులనూ విడివిడిగా తూచండి. మేనేజరు ఇండెక్స్‌ను దాటుతున్నాడా అన్నది ఒక ప్రశ్న. నా డిస్ట్రిబ్యూటరు క్యాలెండర్ కాకుండా ఇంకేమి ఇస్తున్నాడన్నది ఇంకోటి. సలహా కావాలి, మేనేజరు అక్కర్లేదు అనుకుంటే ఇండెక్స్ ఫండ్ రెగ్యులర్ ప్లాన్ కూడా ఉంటుంది. దానిలో కమీషన్ తక్కువ కాబట్టి మీకు దాని ఊసు ఎవరూ ఎత్తి ఉండరు.

డిస్ట్రిబ్యూటరు మా మేనల్లుడే. డైరెక్ట్‌కు మారితే ఇంట్లో గొడవ అవుతుంది.

దీనికి సెబీ దగ్గర కూడా రూలు లేదు. పాతవి అలాగే ఉంచి, కొత్తగా పెట్టేవి డైరెక్ట్‌లో పెట్టండి. పండగ పూట ఈ విషయం ఎత్తకండి.

మార్కెట్ పడినప్పుడు మేనేజరు ముందే పసిగట్టి కాపాడతాడు కదా?

కొందరు కొంచెం నగదు పక్కన పెట్టుకుంటారు, దానివల్ల కొంచెం తక్కువ పడుతుంది. అదే నగదు మార్కెట్ పెరిగేటప్పుడు వెనక్కి లాగుతుంది. అసలు ఈక్విటీ ఫండ్ మేనేజరు పని షేర్లలో ఉండడమే. మీ సొమ్మంతా తీసి డిపాజిట్ చేయడానికి ఆయనకు స్వేచ్ఛ లేదు. ఫీజు మాత్రం ఆగదు. యార్డులో క్వింటా మిర్చి 20 వేలు పలికినా, 10 వేలకు పడినా కమీషన్ ఏజెంటు శాతం ఆయనకు వచ్చేస్తుంది కదా, అలాగే.

అయితే ఇండెక్స్ ఫండ్ అని పేరుంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?

కొనకండి. ఇండెక్స్‌కూ ఫండ్‌కూ మధ్య రాబడిలో తేడా ఉంటుంది, దాన్ని ట్రాకింగ్ డిఫరెన్స్ అంటారు. రెండు ఫండ్ల ఫీజు ఒకటే అయినా ఈ తేడా వేరుగా ఉండొచ్చు. ఫీజు కన్నా దీన్నే చూడాలి. ఈటీఎఫ్ (షేరులాగా మార్కెట్‌లో కొనే ఫండ్) అయితే డీమ్యాట్ ఖాతా కావాలి, పైగా కొనుగోళ్లు పల్చగా ఉన్న ఈటీఎఫ్‌లో అసలు విలువ కన్నా ఎక్కువ పెట్టి కొనే ప్రమాదం ఉంది. మామూలు మనిషికి ఇండెక్స్ ఫండే సుఖం.

ఈ మధ్య డిఫెన్స్ ఇండెక్స్, టూరిజం ఇండెక్స్ అంటూ వస్తున్నాయి. పేరులో ఇండెక్స్ ఉన్నా అక్కడ పందెం వేస్తున్నది మీరే. మేనేజరు చేయాల్సిన ఎంపిక మీరు చేస్తున్నారు, అదీ ఆ రంగం బాగా పెరిగాక. నిఫ్టీ 50లో కూడా బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల వాటా మూడో వంతు దాకా ఉంటుందని తెలిసి కొనండి.

డెట్ ఫండ్లలో (బాండ్లలో పెట్టేవి) కూడా ఇదే లెక్కా?

ఇంకా గట్టిగా. రాబడే 7 శాతం ఉన్నచోట ఒక శాతం ఫీజు చాలా పెద్దది. ఆ ఫీజును పూడ్చడానికి మేనేజరు నాసిరకం బాండ్ల వైపు చూస్తే రిస్కు మీ నెత్తిన పడుతుంది. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ స్కీములను ఒకేసారి ఆపేసింది. సొమ్ము తర్వాత విడతలుగా తిరిగి వచ్చింది కానీ అప్పటిదాకా అవసరానికి అందలేదు. డెట్‌లో ఫీజు తక్కువ, బాండ్ల నాణ్యత ఎక్కువ. ఈ రెండే చూడండి.

ఎన్ఎఫ్ఓలో (కొత్త ఫండ్ మొదటి అమ్మకం) యూనిట్ 10 రూపాయలకే వస్తుందట. చవక కదా?

కాదు. 10 రూపాయల యూనిట్‌లో 10 రూపాయల షేర్లే ఉంటాయి, 500 రూపాయల యూనిట్‌లో 500 రూపాయల షేర్లు ఉంటాయి. కొత్త ఫండ్ చిన్నది కాబట్టి ఫీజు హద్దు కూడా పై మెట్టులోనే ఉంటుంది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒకాయన పీఎంఎస్ తీసుకోమంటున్నాడు. 50 లక్షలు ఉంటేనే ఇస్తారట, అంటే స్పెషలే కదా?

పీఎంఎస్ అంటే ఒక మేనేజరు మీ పేరునే షేర్లు కొని అమ్మి పెట్టే సర్వీసు. 50 లక్షలు సెబీ పెట్టిన కనీస మొత్తం. అది నాణ్యతకు సర్టిఫికెట్ కాదు. ఫీజుతోపాటు లాభంలో వాటా కూడా తీసుకునే పథకాలు ఉంటాయి. మేనేజరు షేరు అమ్మిన ప్రతిసారీ క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్స్ మీ పేరున పడుతుంది. మ్యూచువల్ ఫండ్‌లో మీరు యూనిట్లు అమ్మేదాకా ఆ ట్యాక్స్ లేదు. పీఎంఎస్ ఉన్నవాళ్ల రిటర్ను వేయడానికి మాకు పట్టే టైమ్ చూస్తే, వాళ్లు మాకూ ఫీజు ఎక్కువే కడుతున్నారు.

నాకు ఇప్పటికే యాక్టివ్ ఫండ్లు ఉన్నాయి. అన్నీ అమ్మేసి ఇండెక్స్‌కు మారిపోవాలా?

తొందరపడకండి. రెగ్యులర్ నుంచి డైరెక్ట్‌కు మారినా సరే, ట్యాక్స్ లెక్కలో అది అమ్మకమే. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ లాభంలో ఏడాదికి లక్షా 25 వేలు పోగా మిగిలిన దాని మీద 12.5 శాతం ట్యాక్స్. 2024 జూలై 23 నుంచి ఉన్న రేటు ఇది. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం, దానికి తోడు చాలా ఫండ్లలో ఎగ్జిట్ లోడ్ (ముందే తీసినందుకు కోత). 6 లక్షల లాభం ఉన్న ఫండ్‌ను ఒకేసారి తీస్తే సెస్సుతో కలిపి 61,750 రూపాయలు కట్టాలి. మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం తీస్తే లక్షా 25 వేల మినహాయింపు రెండుసార్లు దొరుకుతుంది. ట్యాక్స్ 45,500కి దిగుతుంది.

కొత్త సిప్ (నెలనెలా పెట్టే సొమ్ము) ఈ నెల నుంచే మార్చుకోవచ్చు, దానికి ట్యాక్స్ లేదు. పాతవాటిలో నష్టంలో ఉన్నవి, లాభం తక్కువ ఉన్నవి ముందు తీయండి. మిగతావి ఏటా మినహాయింపు మేరకు.

ఇంతకీ మీరైతే ఏం చేస్తారు?

షేర్లలో పెట్టే సొమ్ములో పెద్ద భాగం నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ డైరెక్ట్ ప్లాన్‌లో. మిడ్ క్యాప్‌లో ఒక్క యాక్టివ్ ఫండ్, అదీ డైరెక్టే, వరుసగా మూడేళ్లు వెనకబడినా భరించగలిగినంత మొత్తమే. ఒక్కో వర్గంలో నాలుగేసి యాక్టివ్ ఫండ్లు కొనను. అన్నీ కలిస్తే అది ఇండెక్స్‌లాగే తయారవుతుంది, ఫీజు మాత్రం యాక్టివ్‌దే. కానీ మా నాన్నగారికి ఇదే సలహా ఇవ్వలేదు. ఆయన మార్కెట్ పడ్డ రోజు భోజనం మానేసే రకం. ఆయనకు మంచి డిస్ట్రిబ్యూటరు ఉన్నాడు, ఆ ఫీజు నేనే ఆయన చేత కట్టిస్తూ వస్తున్నాను.

ఫండ్ కంపెనీ ఫీజు పెంచితే నాకు తెలుస్తుందా?

తెలియాలి. బేస్ ఎక్స్‌పెన్స్ రేషియో (పన్నులు కలపని అసలు ఫీజు) మారే ముందు కనీసం మూడు పనిదినాల ముందుగా మెయిల్ లేదా ఎస్ఎంఎస్ పంపాలి, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. ఫోలియోలో (ఫండ్ కంపెనీ దగ్గర మీ ఖాతా) పాత ఫోన్ నంబరు, పనిచేయని మెయిల్ ఉంటే ఆ కబురు ఎక్కడికో పోతుంది. ఫోలియోలో ఏజెంటు నంబరే రాసి ఉన్నవాళ్లు మా దగ్గరకే చాలామంది వచ్చారు. మీది ఎవరి నంబరో ఒకసారి చూసుకోండి.